కల్వంలో పొడి

అమృతకలశం చేతబూనిన ధన్వంతరీ, మందు మింగే నోటికీ, మందును బోధించే నోటికీ నీవే దిక్కు. ఈ నాలుగు మాటలూ నీ సన్నిధికే.

కళాశాల రసాయన ప్రయోగశాల. లెక్చరరు, ఆయన వద్దనే చదివే మేనకోడలు.

“మావయ్యా, ఆస్పత్రి నుంచే వస్తున్నా. అత్తయ్యకి...”

“ఇక్కడ మావయ్య లేడు, సారున్నాడు. క్లాసు ముగిశాక వేంచేసిన మహారాణికి ప్రయోగం మళ్ళీ చేసి చూపాలి కాబోలు.”

“జ్వరం మళ్ళీ తిరగబెట్టింది.”

“చూడ్డానికి డాక్టరున్నాడుగా. ఆ కల్వం జరుపు. యాంటీబయాటిక్ బిళ్లలు నూరి, క్షారం పోసి, అయోడిన్ రంగు విరిగేదాకా చూపాను. ఆవలించడం తప్ప ఒక్కడికీ ఏం తెలియలేదు.”

“బిళ్లలెక్కడివి?”

“ఎక్కడివైతేనేం? బోర్డు మీద ఆ నాలుగు మూలల వలయం ఏమిటి?”

“బీటా లాక్టమ్, ఆ మందుకి ప్రాణం. ఇరుకు కోణాలు, ఊరికే విచ్చుకుంటుంది. మావయ్యా, డాక్టరు...”

“విచ్చుకుంటే?”

“క్రిమికి గోడ కట్టే ఎంజైముని పట్టేస్తుంది. గోడ లేక క్రిమి చస్తుంది.”

“చావని క్రిమో?”

“ఆ వలయాన్ని ముందే తెంపే ఎంజైము దానికుంటుంది. మందు మధ్యలో ఆపితే అలాంటివే మిగిలి పెరుగుతాయి.”

“చిలక బాగానే పలికింది. జనమేమో ఒళ్ళు చల్లబడగానే బిళ్లలు అటకెక్కిస్తారు. రోగానికి మందుంది గానీ మూఢత్వానికి లేదు.”

“అత్తయ్యకి ఇక ఆ మందు పనిచెయ్యదట. వేరేది ఏదైనా పనిచేస్తుందేమో చూస్తున్నారు. మధ్యలో ఆపారా అని డాక్టరు అడిగాడు.”

“ఏమంది?”

“నేనే మానేశానంది.”

“అనుకున్నా. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి నేర్చింది అదీ. గంధపు చెట్టు పక్కనున్నా వెదురుకి వాసన అంటదు.”

“డాక్టరూ అలాగే తిట్టాడు. ఆయన వెళ్ళాక నాతో ఇంకోలా చెప్పింది.”

“ఇంకోలా ఏముంది?”

“జ్వరం తగ్గింది, ఇక చాలు, మిగతావి క్లాసుకి కావాలని మీరే పట్టుకెళ్ళారట.”

“ఆ కల్వం ఇటివ్వు.”

“కల్వంలో ఉన్నవి అవేనా?”

“తగ్గింది కదా అని... డాక్టరుతో ఆ మాట చెప్పలేకపోయిందా?”

“మీ మావయ్య చెప్పే పాఠమే అది, నలుగురిలో నవ్వులపాలవుతారు అంది. మూఢురాలివమ్మా అని డాక్టరు తిడుతుంటే, అవునండీ అంటూ తలూపింది మావయ్యా.”

ఇది విన్నవారి ఇళ్ళలో జ్వరాలు శమించుగాక. నాలుక మీది విద్య నడవడిలోకి దిగుగాక. అందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక.