గిన్నె ఒలికిన ఆదివారం

కోయిలకుంట్ల మేజిస్ట్రేటు వారి ఎదుట, 1955 ఆగస్టు 18వ తేదీ ఉదయం, మద్యనిషేధం కేసులో ముద్దాయి చెప్పగా గుమాస్తా రాసుకున్నది.

నా పేరు దావీదురాజు. తండ్రి ఏసేపు. వయసు అరవై ఎనిమిది. మిషను బడిలో పంతులుగా చేసి మానుకున్నాను. కాపురం ఈ తాలూకా గుండ్లమిట్ట. క్రైస్తవుణ్ణి. జూలై 3న తాగి ప్రార్థనకు వెళ్ళానని నామీద అభియోగం. నేను తాగలేదు.

నాకు ఇరవై ఏళ్ళుగా ఉబ్బసం. ఆ పేరు అందరికీ తెలుసు, అందుకని దానిమీద ఎవరికీ అనుమానం లేదు. చేతుల వణుకు మూడేళ్ళ నుంచి. ఒడిలో పెట్టుకుంటే వణకవు. చెంబు నోటిదాకా ఎత్తితే వణుకుతాయి. కర్నూలులో ఒక డాక్టరు ఉబ్బసం మందుల వల్ల కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. కడపలో ఇంకొకాయన వయసు అన్నాడు. మా పాదిరిగారు దాచుకున్న పాపమేదైనా ఉంటే ఒప్పుకోమన్నారు. వైద్య గ్రంథాలు అరువు తెచ్చి చదివాను. వాటిలోనూ దొరకలేదు. జబ్బుకు పేరుంటే మనిషి రోగి. పేరు లేకపోతే ముద్దాయి.

ఉబ్బసానికి ఇక్కడి వైద్యుడు ఇచ్చే కనకాసవం వాడుతున్నాను. పొద్దున రెండు చెంచాలు, రాత్రి రెండు. అది పులియబెట్టిన మందు, వాసన వస్తుంది. అది తాగిన కాసేపటికి చేతుల వణుకు కూడా తగ్గుతుంది. ఎందుకో ఆ వైద్యుడికీ తెలియదు. ఈ సంగతి కోర్టులో చెప్పవద్దని నా వకీలు హనుమన్న అన్నాడు. చెబుతున్నాను, రాసుకోండి.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రభు భోజనం నాడు ద్రాక్షరసం గిన్నె పట్టే పెద్ద పరగడుపున రావాలి. నోట్లో మందు కూడా పడకూడదు. గిన్నె ఒక్కటే, ప్రతివారి పెదవికీ ఆ పెద్దే అందిస్తాడు. బడి మానక ముందు నుంచీ ఆ పని నాది. ఆ ఆదివారం కూడా ఆసవం ముట్టకుండా బయలుదేరాను. నా భార్య విశ్వాసమ్మ చెంచా పట్టుకుని వాకిలిదాకా వచ్చింది.

"పొద్దు పొడిసినప్పట్నుంచి ఆయాసపడతాండావు. రెండు చెంచాలు మింగి పోరాదా? దేవుడేమన్నా నీ నోరు సూసుకుంటా కూచ్చోనుండాడా?"

"దేవుని సంగతి తెలీదు. జ్ఞానరాజు కూచ్చోనుంటాడు" అన్నాను.

జ్ఞానరాజు మా సంఘం కార్యదర్శి. నా దగ్గర అక్షరాలు దిద్దినవాడు. నా తర్వాత గిన్నె తన చేతికి రావాలని కాచుకుని ఉన్నవాడు.

పది గంటలు దాటాక గిన్నె ఎత్తాను. మూడేళ్ళుగా నెట్టుకొస్తున్నట్టే రెండు చేతులతో బిగించి మొదటి వరుస దాటించాను. రెండో వరుసలో జ్ఞానరాజు మోకాళ్ళ మీద ఉన్నాడు. గిన్నె అంచు అతని పళ్ళకు టకటక కొట్టుకుంది. రసం అతని తెల్లచొక్కా మీద ఒలికింది. అది విశ్వాసమ్మ ఎండుద్రాక్ష ఉడకబెట్టి వడకట్టిన రసం. అందులో మత్తు లేదు.

అతను లేచి నిలబడ్డాడు. "ఏమి పంతులూ, మబ్బుతోనే, తెల్లారక ముందే ఏసుకోనొచ్చినావా? తాగినోని చేతులు గాక ఏందివి?"

జీవమ్మ అనే ముసలామె ఒక్కతే నోరు తెరిచింది. "నోరు ముయ్యిరా జ్ఞానా. నీ సొక్కా ఉతికితే పోతాది. ఆ మాట ఉతికితే పోతాదా?"

మిగతా సంఘమంతా ప్రార్థనలో ఉన్నట్టు తల వంచుకుంది. అంత భక్తి ఆ గుడిలో నేనెన్నడూ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. అప్పుడు ఆసవం తాగాను. మధ్యాహ్నం రెండు గంటలకు హెడ్ కానిస్టేబుల్ నరసన్న వచ్చాడు. జ్ఞానరాజు వీధిలో నిలబడ్డాడు, మార్చుకున్న చొక్కాతో.

"ఊదు పంతులూ" అన్నాడు నరసన్న.

"ఊదేంత ఊపిరుంటే నాకు ఉబ్బసమెందుకప్పా?"

అయినా ఊదాను. మందు వాసన వచ్చింది. చేతులు చాపమన్నాడు. చాపాను. వణకలేదు. నరసన్న వాసన సంగతి రాసుకున్నాడు, చేతుల సంగతి రాసుకోలేదు. మందు సీసా తీసుకుపోయాడు. ముట్టని పొద్దున వణికితే తాగినట్టు. తాగిన మధ్యాహ్నం నిలకడగా ఉంటే ఎవరూ చూడనట్టు. పొద్దున ఆ రెండు చెంచాలు మింగి కట్టుబాటు తప్పి ఉంటే గిన్నె ఒలికేది కాదు, నేనిక్కడ నిలబడేవాణ్ణీ కాదు.

హనుమన్న నా మంచి కోరేవాడే. "నేరం ఒప్పేసుకోండి పంతులుగారూ, జరిమానాతో పోతాది. లేదంటే కోర్టుకు వచ్చేముందు మందు మింగి రాండి. చేతులు నిలబడితే దొరగారే నమ్ముతారు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మింగీ రాలేదు. నావైన చేతులతోనే వచ్చాను. తమరు చూస్తూనే ఉన్నారు.

ఒక్క మనవి. తాగిందీ లేనిదీ తేలలేదని, సంశయలాభం కింద విడుదల అడుగుతానంటున్నాడు హనుమన్న. నాకు వద్దు. ఆ తీర్పు నకలు తెచ్చుకుని జ్ఞానరాజు సంఘం ముందు చదువుతాడు. సంశయం అన్న చోట ఆగుతాడు. అందరి మొహాలూ చూసి ఆ మాట మళ్ళీ చదువుతాడు. చదవడం నేర్పింది నేనే, ఎక్కడ ఆగుతాడో నాకు తెలుసు. తాగాడని తమరు నమ్మితే జైలుకు పంపండి. తాగలేదని నమ్మితే తాగలేదని రాయండి. ఆ రెంటికీ నడుమ మూడేళ్ళుగా కాపురమున్నాను. ఇక ఉండలేను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, నిజం. ఎవరూ నేర్పి చెప్పించలేదు. గుమాస్తాగారు వేలిముద్ర చాలన్నారు. నాకు చాలదు. సంతకమే చేస్తాను, ఎంతసేపు పట్టినా కూర్చోండి.

(సంతకం) గు. దావీదురాజు