ఎత్తుకోని చేతులు

కూతురు పుట్టి నెల దాటింది. పొద్దున్నే పనికి బయల్దేరుతున్న వడ్రంగిని తల్లి గుమ్మం దగ్గర ఆపింది. ఆమె చేతుల్లో పసిపిల్ల.

“కాసేపు పట్టుకోరా అంటే ఏమిటా వెనకడుగు?”

“చెయ్యి బాగాలేదమ్మా. ఉలి తగిలిందని చెప్పాగా.”

“ఆ దెబ్బ నెలయినా మానలేదా?”

“మానుతోంది. నాకు టైమవుతోంది, పక్కకి జరుగు.”

“జరగను. పిల్లంటే నీకిష్టం లేదని నీ పెళ్ళాం లోపల ఏడుస్తోంది.”

“ఇష్టం లేకపోవడమేంటి? అదేం మాట?”

“మరి ఏంటో చెప్పు.”

“చెప్పడానికేముంది...”

“కట్టు విప్పు.”

“అమ్మా, వద్దు.”

“విప్పమన్నానా.”

“... చూశావుగా. వేళ్ళ మీద మొదలైంది, మణికట్టు దాకా వచ్చేసింది. ఇక పిల్లని లోపలికి తీసుకుపో.”

“బొల్లి.”

“గట్టిగా అనకు. తను వింటుంది.”

“విననీ. ఇందుకేనా చంటిదాన్ని ముట్టుకోంది?”

“అంటుకుంటే? నా ఖర్మ నాతోనే పోనీ.”

“ముట్టుకుంటే అంటుకునేది కాదురా. చర్మానికి రంగునిచ్చే కణాలుంటాయిట. వాటిని మన ఒళ్ళే పగవాళ్ళనుకుని చంపేసుకుంటుంది. అంతే.”

“చేపలు తిని పాలు తాగితే వస్తుందన్నాడు మా మేస్త్రి.”

“పుట్టి బుద్ధెరిగాక నువ్వు పాలు తాగితేగా. ఆయన్ని తలుపులు సరిగ్గా బిగించుకోమను. ఇది ఎవరికైనా వస్తుంది. నలుపూ తెలుపూ, ఆడా మగా అని చూడదు.”

“నా రక్తమేగా దానిది. రేపు దానికీ వస్తే?”

“ఇంట్లో ఒకరికుంటే కాస్త అవకాశం ఎక్కువే. అయినా చాలామంది పిల్లలకి రాదు. వచ్చినా, నువ్వు ఎత్తుకున్నందుకు మాత్రం రాదు.”

“ఇవన్నీ నీకెవరు చెప్పారు?”

“డాక్టరు.”

“డాక్టరు దగ్గరికి నువ్వెందుకెళ్ళావు? అమ్మా... నీకూ ఉందా?”

“నాక్కాదు.”

“మరి?”

“మీ నాన్న నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకున్నట్టు గుర్తుందా?”

“ఇప్పుడెందుకా మాట? ఆయనకి నేనంటే గిట్టదు. పోయేదాకా దగ్గరికి రానివ్వలేదు.”

“ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కాయే. డాక్టరు ఎంత చెప్పినా నమ్మలేదు. నీకు చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. నువ్వు నిద్రపోయాక మాత్రం వచ్చి పక్కన కూచునేవాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నిన్నే చూస్తూ.”