కిను గారు జారిపడలేదు

ఆవిడ జారిపడలేదు! మన కిను గారు జారిపడలేదండీ!

క్షమించండి. సంతాప సభలో మైకు ముందుకొచ్చి ఇలా కేకేసిన మనిషిని నా ఎనభై రెండేళ్లలో నేనెక్కడా చూడలేదు. ముందు మీ అందరికీ వంగి నమస్కారం చేయాలి. వంతెన వీధి ఇరుగుపొరుగుకు, కనజవ నుంచి వచ్చిన కిను గారి కోడలు హరుయె గారికి, ఇంత మంచులో నడిచి వచ్చిన ప్రతి ఒక్కరికీ. చేశాను. అదిగో, ఫోటోలోంచి చూస్తున్న కిను గారికి కూడా. అక్కగారూ, మీరు పోయి పదకొండు రోజులైంది. ఏడుపు మొహంతోనే బయలుదేరి వచ్చాను. ఈ హాలు గుమ్మంలో బూట్లు విప్పుకుంటుండగా ఒక మాట విన్నాను. అప్పటి నుంచి నా దుఃఖం ఎటు పోయిందో, ఈ సంతోషం ఎటు నుంచి వచ్చిందో, రెండూ ఒక్క గుండెలో ఎలా ఇముడుతున్నాయో నాకు తెలియడం లేదు.

నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. మొదటి వాక్యం ఏమిటో తెలుసా? "మా అమ్మాయి చేసిన తప్పుకు దాని తరఫున క్షమాపణ కోరుతున్నాను" అని. ఇప్పుడీ కాగితాలు ఏం చేసుకోవాలి? చదవాలా? చింపాలా? ఉండండి, జేబులో పెట్టుకుంటాను. కాగితం లేకుండా మాట్లాడితే నేను దారి తప్పుతాను. తప్పినా వినండి.

నేను ఒగినోని. యాభై నాలుగేళ్లు మీ ఇళ్లలో తతామి చాపలు కుట్టి పరిచినవాణ్ని. తొమ్మిదో తరగతితో నా చదువు సరి. నా కూతురు చిహయా మాత్రం చదువుకుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు అయింది. ఈ మాట నోరు తిరగడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. చెయ్యి పడిపోయినవాళ్లకు మళ్లీ బొత్తాం పెట్టుకోవడం, గిన్నె పట్టుకోవడం నేర్పే పని. పందొమ్మిదేళ్లు ఆసుపత్రిలో ఆ పనే చేసింది. నేర్పి ఇంటికి పంపిన మనిషి నెల తిరక్కుండానే స్నానాలగదిలో పడి, తుంటి విరిగి, మళ్లీ అదే మంచం మీదికి వచ్చేవాడు. ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, నేను మనుషుల్ని బాగుచేస్తున్నాను, వాళ్ల ఇళ్లు మళ్లీ విరగ్గొడుతున్నాయి" అంది. రెండేళ్ల కిందట ఆసుపత్రి మానేసి, నా పాత దుకాణం గుమ్మానికి బోర్డు కట్టింది. ముసలివాళ్ల ఇల్లు చూసి, పడిపోకుండా ఏమేం మార్చాలో చెబుతామని.

ఎవరొచ్చారు? చెప్పండి, ఎవరొచ్చారు? మూడు నెలలు ఒక్కరూ రాలేదు. ఎందుకు రాలేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గుమ్మం పక్కన పట్టుకునే కడ్డీ బిగించుకోవడమంటే, ఈ ఇంట్లో మనిషి పని అయిపోయిందని వీధికంతా చాటుకోవడమే అనుకుంటాం మనం. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇంట్లో ఇవాళ్టికీ కడ్డీ లేదు. నవ్వకండి.

అప్పుడు వచ్చింది కిను గారు. నలభై ఏళ్లు ఈ వీధికి తోఫు చేసి అమ్మిన మనిషి. పిచ్చుకంత ఒళ్లు, ఊరంత నోరు. బోర్డు ముందు నిలబడి, చిహయాను పైనుంచి కిందికి చూసి, "ఏమే చాపలాయన కూతురా, నాకు నడక నేర్పుతావా? నువ్వు పుట్టక ముందే నేను తెల్లారేసరికి నూట ఎనభై దిమ్మలు తోఫు తీసి వీధంతా తిరిగి వచ్చేదాన్ని" అంది. మా అమ్మాయి తల వంచుకుంది. ఈవిడ వెళ్లిపోతూ వెనక్కి తిరిగి, "గురువారం రా. ఉత్త చేతులతో రాకు, బీన్స్ పేస్టు బూరెలు పట్టుకురా" అంది. అదీ కిను గారు. పిలవడం కూడా తిట్టినట్టే పిలిచేది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆ గురువారం నేనూ వెంట వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు, తండ్రిని కదా, వెళ్లాను. కిను గారి లోపలి గది నుంచి వంటింటి నడవా దాకా పరిచిన చాపలు నేను కుట్టినవే. భర్త రియోకిచి గారు పోయాక పన్నెండేళ్లుగా ఆవిడ వాటిని మార్చనివ్వలేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎడమ గోడ వెంబడి చాప అరిగిపోయి, పోగులు లేచి ఉంది. పాదం ఈడ్చుకుంటూ నడిచిన జాడ. చాపను చూసి ఇంట్లోవాళ్ల నడక చెప్పగలనని నాకు గర్వం. "అమ్మాయ్, ఇదిగో ఈవిడ దారి. కడ్డీ ఈ ఎడమ గోడకే" అన్నాను. అది కొలత తీసుకుంది. వడ్రంగి వచ్చి బిగించాడు. కిను గారు కిక్కురుమనలేదు. నోరున్న మనిషి ఎందుకు మాట్లాడలేదో అప్పుడైనా నాకు అనుమానం రావద్దా?

మూడు నెలల తర్వాత చూడ్డానికి వెళితే, ఆ కడ్డీ మీద తోఫు వడకట్టే గుడ్డలు ఆరుతున్నాయి. వరసగా, శుభ్రంగా. కిను గారు కుడిగోడ పట్టుకుని నడుస్తోంది. ఆ అరిగిన జాడ ఆవిడది కాదు. పక్షవాతం వచ్చాక రియోకిచి గారు ఆ గోడ పక్కనే కాలీడ్చుకుంటూ తిరిగేవారు. ఆయన దారిలో ఆవిడ అడుగు పెట్టేది కాదు, ఆయన పోయాక కూడా. మా అమ్మాయి, "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అమ్మమ్మగారూ?" అంటే, "చెబితే నీ మొదటి పని పాడైందని వీధికి తెలిసిపోదా? ఎవరు పిలుస్తారే నిన్ను? గుడ్డలు బాగానే ఆరుతున్నాయిలే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఒగినో, నువ్వు చాపను అడిగావు. మనిషిని అడగలేదు" అంది.

మనిషిని అడగలేదు! యాభై నాలుగేళ్ల పనివాణ్ని! ఆ రోజు నుంచి చిహయా ఏ ఇంటికి వెళ్లినా ముందు కొలత పట్టదు. ఆ ఇంటివాళ్లనే టీ పెట్టమంటుంది. టీ పెట్టడానికి వాళ్లు లేచి, తిరిగి, వంగి, పట్టుకునే చోటల్లా ఒక నీలం టేపు ముక్క అంటిస్తుంది. కడ్డీ అక్కడ. అంతే. ఆసుపత్రి నేర్పని పాఠం అది, తోఫు కొట్టు నేర్పింది. కిను గారింట్లో రెండో కడ్డీ కుడి గోడకు వచ్చింది. నడవా చివర, గుమ్మం దగ్గర, కూర్చుని బూట్లు తొడుక్కోవడానికి ఒక చిన్న పీట వచ్చింది. ఎడమ కడ్డీ తీసేస్తామంటే, "నా గుడ్డలు నీ తల మీద ఆరేయనా?" అని అరిచింది.

అంతటితో ఊరుకుందా? తన వయసు ఆడవాళ్లను ఆరుగురిని టీకి పిలిచింది. ఆ ఆరుగురూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను, తలలు దించుకోకండి. మీ చేత ఆ కడ్డీ పట్టించి నడవాలో అటూ ఇటూ నడిపించింది. "ఇది సిగ్గుపడే కర్ర కాదే, నేను వంటింటికి వెళ్లే దారి. మంచం పట్టి పోవడం నావల్ల కాదు, వంటింటికి వెళ్తూ పోతాను" అంది. ఆ సాయంత్రమే మీ ఆరుగురూ మా దుకాణానికి వచ్చారు. మా అమ్మాయి బోర్డు తుడిచింది. నేను చాటుకు వెళ్లి ఏడ్చాను. సంతోషంతోనే.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. ఆ రోజు పొద్దున అంబులెన్సు వాళ్లు వచ్చేసరికి కిను గారు నడవాలో నేల మీద ఉంది. సరిగ్గా ఎడమ కడ్డీ కింద. పైన గుడ్డ వేలాడుతోంది. డాక్టరు గుండె ఆగిందనే రాశాడు. మనమేమన్నాం? పడింది కాబట్టి గుండె ఆగిందన్నాం. తప్పు గోడకు బిగించిన కడ్డీ పట్టుకోబోయి పడిందన్నాం. చాపలాయన కూతురు చంపిందని ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకక్కర్లేదు. నేనే అనుకున్నాను కదా! ఆ కడ్డీ అక్కడ పెట్టించింది నేను. మా అమ్మాయి ఒక్కసారి కూడా, "నాన్న చెప్పాడు" అని ఎవరితోనూ అనలేదు. ఆరిళ్ల నుంచీ ఇక కడ్డీలు వద్దని ఫోన్లు వచ్చాయి. బోర్డు దించేసింది. రేపు సోమవారం, ఆసుపత్రికి వెళ్లి పాత ఉద్యోగం ఇమ్మని అడగబోతోంది. ఇవాళ ఇక్కడికి రాలేదు. ఏ మొహంతో రమ్మంటావు నాన్నా అంది.

మరి గుమ్మంలో నేనేం విన్నాను? పక్కింటి సకాకి గారు నన్నూ హరుయె గారినీ చెరో చేయీ పట్టుకుని ఆపింది. పదకొండు రోజులుగా ఆవిడకు అన్నం సయించలేదు. తన నోరు పెగలదని, నన్నే చెప్పమని ఆవిడే అంది, అందుకే చెబుతున్నాను. ఆ పొద్దున మొదట చూసింది సకాకి గారు. కిను గారు పీట మీద కూర్చుని ఉంది. ఒక కాలికి బూటు ఉంది. రెండోది ఒళ్లో ఉంది. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని. ఒళ్లు అప్పటికే చల్లబడింది. సకాకి గారికి ఏం చేయాలో తోచలేదు. గుమ్మంలో చలిగాలి కొడుతోందని చంకల కింద చేతులు వేసి లోపలికి లాగి, నడవాలో పడుకోబెట్టి, ఫోను కోసం పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి అందరూ చుట్టూ మూగి ఉన్నారు. "పడిపోయింది పడిపోయింది" అంటున్నారు. "నేను కదపడం వల్లే పోయిందేమోనని భయపడ్డాను ఒగినో గారూ" అంది. సకాకి గారూ, మీరు కాపాడింది ఒక అక్కను చలి నుంచి. మిమ్మల్ని ఈ హాల్లో ఎవరూ ఒక్క మాట అనకూడదు. అంటే ముందు నన్ను అనాలి.

పడలేదు! వినండి, పడలేదు! కూర్చుంది. మా అమ్మాయి పెట్టిన పీట మీద, బయటికి వెళ్లాలని బూటు తొడుక్కుంటూ కూర్చుంది.

ఒక మనిషి పోయిన సభలో ఇంత సంతోషపడుతున్నాను, నేను మనిషినేనా? ఒకవేళ నిజంగానే పడి ఉంటే? అప్పుడు మా అమ్మాయి చేసిన పనంతా తప్పయ్యేదా? పడకుండా నడిచిన ఆ ఏడాదిన్నర ఎక్కడికి పోయేది? కిను గారైతే ఏదో ఒకటి కసిరి తేల్చేసేది. నాకు తేలడం లేదు. తెలిసింది ఒక్కటే. మా అమ్మాయి పని మీద నింద పడింది, ఆ నింద అబద్ధం. ఆరిళ్లవాళ్లారా, మీ నీలం టేపులు ఇంకా గోడల మీదే ఉన్నాయి. పీకకండి. రేపటి లోపల ఒక్కరు, ఒక్కరు చాలు, మా దుకాణం తలుపు తట్టండి.

ఇక లేచి నిలబడండి. మోకాళ్లు సహకరించనివాళ్లు కుర్చీ వీపు పట్టుకునైనా, కూర్చునైనా సరే. కిను గారి కోసం ఒక్క నిమిషం, ఆవిడ బతికుండగా మనకెప్పుడూ దొరకని ఆ నిశ్శబ్దంలో ఉందాం. నిమిషం అయ్యాక ఇళ్లకు వెళ్లి ఈ కబురు చెప్పండి. సదొ దీవిలో ఉన్న కిను గారి చెల్లెలు ఫుజి గారికి చెప్పాలి, చెవుడు, గట్టిగా చెప్పాలి. నీగతలో రియోకిచి గారి తమ్ముడికి, కడ్డీయే చంపిందని అలిగి ఇవాళ రానివాడికి. హరుయె గారి పిల్లలిద్దరికి. చేపల మార్కెట్లో పనిచేసే మేనల్లుడికి, వాడి భార్యకు. తకఒకలో మా అన్నయ్యకు, కూతురి చేత ఆ బోర్డు దింపించు అని నాకు రెండుసార్లు ఫోన్ చేసినవాడికి. మా ఆవిడ చెల్లెలికి, ఆవిడ అత్తగారికి. చిహయాకు మాత్రం దయచేసి ఎవరూ ఫోన్ చేయకండి. అది నేను వెళ్లి చెబుతాను.