నల్ల మంత్రి కాపలా

ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని తమ వంటింట్లో నాజెలి చదరంగం బల్లను తండ్రి ముందుకు జరిపింది. బడిలో చదరంగం మాస్టారైన ఆయన పక్షవాతం నుంచి ఇప్పుడిప్పుడే కోలుకుని, సోమవారం నుంచి పాఠాలకు వెళ్తానని పట్టుబట్టి కూర్చున్నాడు.

“తెల్ల పావుల ఎత్తు నాన్నా. ఆట కట్టించు చూద్దాం.”

“ఇదీ ఓ లెక్కేనా? ఏనుగును చివరి వరసలోకి తోస్తే సరి!”

“మంత్రి కాపలా ఉందిగా, తినేస్తుంది.”

“ఏ మంత్రి?”

ఆమె నల్ల మంత్రి మీద వేలు పెట్టింది. ఆయన చాలాసేపు దానివైపే చూశాడు.

“కిటికీ ఎండ కళ్ళలో పడి కనబడలేదే.”

“రెండో ఏనుగును దాని ముందు పెట్టు. తిందంటే కాపలా వదిలేసినట్టే. తినకపోతే మనమే మంత్రిని తినేస్తాం.”

“అబ్బో! ఎవరు నేర్పారే నీకు?”

“నువ్వే నాన్నా.”

ఆయన చేతిలో తిప్పుతున్న బంటును బల్ల మీద పెట్టేశాడు.

“అంటే, నాకు పరీక్ష పెట్టావన్నమాట.”

“ఎత్తులు మర్చిపోతున్నావని పిల్లల ముందు బయటపడితే నువ్వు తట్టుకోలేవని...”

“మీ అమ్మకు తెలుసా?”

“లేదు. బడికి ఫోన్ చెయ్యనా?”

“వద్దు, నేనే చేసి, సోమవారం రానని చెప్తాను. ముందు ఆ పావులు మళ్ళీ పేర్చు నాజెలి జాన్, నా బంగారు తల్లీ. ఈసారి కాస్త నెమ్మదిగా చెప్పు.”