పూసిన తర్వాతే ఆపరేషన్

మొక్కలు పెంచే చిన్న గది. పని మానేసిన టైలరు, ఆయన భార్య, ఆమె తమ్ముడు. తమ్ముడిది వాచీలు బాగుచేసే పని.

"చెప్పులు బయట విప్పావా?"

"విప్పాను బావా."

"చేతులు?"

"కడిగాను. అక్క దగ్గరుండి కడిగించింది. ఇక నా మాట విను, రేపు పొద్దున..."

"మెల్లగా. మూత తీసిన తొట్టి మీద ఊపిరి పడుతోంది."

"ఊపిరి పీల్చుకోవద్దా?"

"పీల్చుకో. వదలకు."

"బావా, రేపు ఎనిమిదింటికి కంటాసుపత్రిలో నీ పేరు రాయించాను. డాక్టరు మరీ మరీ చెప్పాడు. శుక్లాలు రెండు కళ్ళకీ ముదిరిపోయాయంట. ఇంకా ఆలస్యం చేస్తే తీసినా చూపు రాదంట."

"నేను రానన్నానా? వస్తానన్నాను. ఇది పూసిన రోజున వస్తానన్నాను."

"ఆ మాట అని ఎన్నేళ్ళయింది?"

"నాలుగు."

"మొక్క తెచ్చి?"

"పదకొండు. అమ్మినాయన ముందే చెప్పాడు. ఈ ఆర్కిడ్ తొందరపడే జాతి కాదు, మొలక నుంచి పూతకి ఏడెనిమిదేళ్ళు పడుతుంది, ఇంట్లో పెంచితే ఇంకా పట్టినా పడుతుంది, ఓపిక ఉంటేనే తీసుకో అన్నాడు. తెచ్చినప్పుడు గుండుసూది తలకాయంత ఉంది. ఇప్పుడు చూడు."

"చూస్తున్నాను. ఏదీ?"

"చెక్కముక్క మీద. నాచులో."

"నాచు కనబడుతోంది."

"నాచు పక్కన."

"ఓ, ఇదా. చొక్కా గుండీ అంత ఉందే."

"కోటు గుండీ అంత. పదకొండేళ్ళ ఎదుగుదల అది. వెక్కిరించకు."

"వెక్కిరించట్లేదు బావా. పోయినేడు నేనొక గులాబీ తెచ్చిచ్చాను కదా, అదేమైంది?"

"వారంలో పూసింది. అదీ ఒక మొక్కేనా? మనిషి ఇంకా కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే పూసేసింది."

"పూసిన రోజున అన్నావు. అది పూసింది."

"ఇది అన్నాను. అది అనలేదు."

"తమ్ముడూ, ఆయనతో మొక్క గురించి వాదించకు. మధ్యాహ్నమైపోతుంది."

"అక్కా, నువ్వైనా చెప్పొచ్చుగా ఆయనకి."

"ఇంకేం చెప్పనురా? తుమ్మొస్తే వీధిలోకి పోయి తుమ్మి వస్తున్నాను. ఫ్యాను ఊడదీయించారు. మంచం వంటింట్లోకి మార్చాం, గురక గాలి దీనికి తగులుతుందని."

"గురక నాది కాదు. నీది."

"విన్నావా?"

"విన్నాను. సరే, నా వాచీల అద్దం జేబులోనే ఉంది. ఒకసారి కంటికి పెట్టుకుని చూస్తాను. ఎక్కడైనా మొగ్గ..."

"ఉండదు. పొద్దున్నే చూశాం."

"ఎవరు చూశారు బావా?"

"మీ అక్క. పురుగులు ఏరేటప్పుడు."

"పురుగులా? ఏం పురుగులక్కా?"

"ఏవో రా. నల్లగా, చిన్నగా ఉంటాయి. ఎక్కడుందో ఆయన చెప్తారు, నేను చిన్న పట్టకారుతో ఏరేస్తాను. అన్నీ మాత్రల సీసాలో వేసి ఉంచుతున్నాను. మొక్క అమ్మినాయన ఎప్పుడైనా వస్తే చూపించి మందు అడుగుదామని."

"ఆ సీసా ఇలా ఇవ్వు. బావా."

"ఊఁ."

"ఇవి పురుగులు కావు."

"మరి?"

"పైనున్నది ఈ పొద్దుటిదే అనుకుంటా, ఇంకా వాడలేదు. కాళ్ళు లేవు. ఐదు రేకులు, మధ్యలో నాలుకలాంటిది ఒకటి. పసుపుపచ్చ, దాని మీద ఎర్ర గీత. ఆవగింజలో సగం ఉంది. బావా, ఇది పువ్వు."

"ఒక్కటేనా?"

"సగం సీసా. నాలుగేళ్ళుగా పూస్తోంది నీ మొక్క. మీరిద్దరూ కలిసి ఏరి సీసాలో పోశారు."

"అయ్యో రామ."

"అయ్యో అంటావేంటక్కా, పట్టకారు పట్టింది నువ్వేగా?"

"ఆయన పురుగన్నారు."

"సరే, అయిందేదో అయింది. పూసింది. మాట మాటే బావా. రేపు పొద్దున బయల్దేరు."

"పూసిందని నువ్వంటున్నావు. నాకు కనబడలేదు."

"కనబడాలంటే ఆపరేషన్ కావాలి."

"ఆపరేషన్ కావాలంటే పూయాలి."

"పూసింది బావా."

"నాకు కనబడాలిగా."

"కనబడాలంటే..."

"ఆగరా తమ్ముడూ. ఆ దారిలో పడితే బయటికి రాలేవు. నేను నాలుగేళ్ళు తిరిగి మానుకున్నాను."

"ఆగానక్కా. ఒక్క సంగతి అడిగి వదిలేస్తాను. బావా, దగ్గరున్నవి నీకు కనబడవు. అంతేనా?"

"అంతే."

"కోటు గుండీ అంత మొక్క. దాని మీద ఆవగింజలో సగం ఉన్నది. అది ఎక్కడుందో నువ్వు చెప్తే అక్క ఏరిందంట. కనబడనోడివి ఎలా చెప్పావు?"

"తొట్టి మూత వెయ్యి. తేమ పోతుంది."

"వేశాను. ఎలా చెప్పావు?"

"అలవాటు."

"దేని అలవాటు?"

"ముక్కు అలవాటు."

"అర్థమయ్యేలా చెప్పు బావా."

"వాసనొస్తుంది. పొద్దునపూటే, సన్నగా. దోసకాయ కోసినట్టు. మూత తీసి తల అటూ ఇటూ తిప్పితే ఏ ఆకు దగ్గరో తెలిసిపోతుంది. మొదటిసారి వచ్చిన రోజు గంటసేపు ఇక్కడే కూర్చున్నాను. ఏడేళ్ళు కాసుకున్న పూత కదా. ఆ తర్వాత మీ అక్కని పిలిచి, పురుగు పట్టింది, ఏరెయ్ అన్నాను."

"ఎందుకు బావా?"

"కంట్లో సూది పెడతారంట."

"మత్తుమందు వేస్తారు. తెలియను కూడా తెలియదు."

"సూది సంగతి నాకు చెప్పకు. నలభై ఏళ్ళు దాంతోనే బతికాను. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్ళీ వేశాను. కంటి మీద తప్పితే ఏం విప్పుతాడు మీ డాక్టరు?"

"అలాగని పూతంతా ఏరించేస్తావా? ఏడేళ్ళ పూత."

"నాకు బాధ లేదనుకున్నావా? ఏరిన ప్రతిసారీ అన్నం సహించేది కాదు."

"మళ్ళీ ఏరించేవాడివి."

"మర్నాడు మళ్ళీ పూసేది మరి."

"ఇంకా ముదిరితే వెలుగు కూడా తెలియదు బావా. అప్పుడేం చేస్తావు?"

"మీ అక్క ఉందిగా. నిజం చెప్పాలంటే ఇది నేనొక్కణ్ణే చేసిన పని కాదు. పట్టకారుతో పట్టుకున్న మనిషికి అది పువ్వని తెలియకుండా ఉంటుందా? తెలుసు. నా భయం చూసి ఊరుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటున్నాను దానికి."

"అక్కా, పువ్వులని తెలిసే ఏరావా?"

"ఆయన అలా అనుకుంటున్నారా?"

"నిన్నడుగుతున్నాను."

"ఆయన అనుకుంటే అనుకోనీరా. మంచిదేగా."

"ఇవి పసుపుపచ్చగా ఉన్నాయి. నువ్వేమో నల్లగా ఉంటాయన్నావు."

"పురుగంటే నల్లగానే ఉంటుందిగా."

"చూసి చెప్పావా, అనుకుని చెప్పావా?"

"ముందు ఆ తొట్టి మూత వెయ్యి. తేమ పోతుంది."

"వేసే ఉందక్కా."

"వేసే ఉందా?"

"ఇందాకే వేశాను. నీ ముందరే."

"ఏమే."

"ఏమండీ."

"ఏరేటప్పుడు నీకు కనబడేది కాదా?"

"మీరు చెప్పిన చోట పట్టకారు కొన ఆకు మీద మెల్లగా జరిపేదాన్ని. ఏదైనా తగిలితే లాగేదాన్ని. ఆకు ఊడి రాకపోతే పురుగేనని లెక్క."

"ఎప్పట్నించి?"

"మీకంటే ముందు నుంచే. చెప్తే ఇద్దర్నీ తీసుకుపోయి పడుకోబెడతారు, ఇక ఇంట్లో ఒకరికొకరు దిక్కెవరని చెప్పలేదు. మీకు దగ్గరవే కదా మసక. దూరానివి బ్రహ్మాండంగా కనబడతాయన్నారు. ఆ ధైర్యంతోనే ఉన్నాను."

"నువ్వు బెంగపెట్టుకుంటావని అలా అన్నానే."

"అంటే కనబడవా?"

"వెలుగుందో చీకటుందో తెలుస్తుంది."

"నాకూ అంతేనండీ."

"బావా, అక్కా, ఇద్దరూ ఇక నోరెత్తకండి. నేను ఇప్పుడే వెళ్ళి రెండో పేరు కూడా రాయిస్తాను. రేపు ఏడున్నరకి నేనే వచ్చి తీసుకెళ్తాను. మొక్క పూసినా, పూయకపోయినా."

"వస్తాంలే. నువ్వు కాసేపుండు. ఏమే, రోజూ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని పెద్దరోడ్డు దాటిస్తావు కదా, అన్ని బస్సుల మధ్య. అదెలా దాటిస్తున్నావు?"

"నేను దాటించడమేంటండీ? మీరు దాటిస్తుంటే నేను మీ చెయ్యి పట్టుకుని వస్తున్నాను."