ఆ కిటికీ తెరుచుకున్నాకే సంతకం

రెండువేల ఒకటవ సంవత్సరం జూన్ నెల పదకొండవ తేదీన, పేరులో ‘అంతర్జాతీయ’ అన్న విశేషణం ఇంకా చేరని మన పాఠశాలలో, ఇప్పుడు మనం వీడ్కోలు పలుకుతున్న ఆమె భూగోళశాస్త్ర ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు మనకున్న ఆస్తి రెండంతస్తుల భవనం, వాన పడితే మడుగయ్యే మైదానం, మడతల దగ్గర చిరిగిన ఒక ప్రపంచపటం. ఆ పటాన్ని ఆమె స్వహస్తాలతో గుడ్డ అతికించి బాగుచేశారు. అతుకు కింద పడి ఒక చిన్న దేశం కనుమరుగైనందుకు ఆ ఏడాది పిల్లలకు క్షమాపణ కూడా చెప్పుకున్నారు.

తదనంతరం మన విద్యార్థులు ఉన్నత విద్య కోసం విదేశాలకు వెళ్ళడం మొదలైనప్పుడు, వారికి మార్గదర్శిగా యాజమాన్యం ఆమెనే నియమించింది. కార్యాలయమంటూ కేటాయించినది మెట్ల కింది గది. తలమీద నిరంతరం పిల్లల పరుగులు, గదిలో రెండు కుర్చీలు, ఒక టీ కెటిల్, గోడకు ఆ అతుకుల పటం. అక్కడికి వచ్చిన ప్రతి విద్యార్థినీ ఆమె మొదట అడిగేది ఒకటే మాట కాబట్టి, పిల్లలు ఆమెను ‘ఎందుకు మేడమ్’ అని పిలుచుకునేవారు.

“మానవాళికి సేవ చెయ్యాలని నా ఆశయం మేడమ్.”

“మంచిదే నాన్నా. ఎందుకు?”

“అంటే... అలా రాస్తే సీటొస్తుందని మా అన్నయ్య చెప్పాడు.”

“సరే, ముందు ఆ టీ కప్పులు కడుక్కురా. మానవాళి సంగతి తరవాత చూద్దాం.”

పరీక్షలకు సిద్ధం చేసేవారు మనలో చాలామంది ఉన్నారు. పరాయి ఊళ్ళో బతకడానికి సిద్ధం చేసినది ఆమె ఒక్కరే. బట్టలు ఉతుక్కోవడం, అన్నం మాడకుండా వండుకోవడం, అద్దె ఒప్పందాన్ని చివరి వాక్యం దాకా చదవడం, నిండు తరగతిలో లేచి “నాకు అర్థం కాలేదు” అని సిగ్గుపడకుండా చెప్పడం ఆ మెట్ల కిందే నేర్పారు. ఆమె భర్తగారు ఈ వీడ్కోలు సంచిక కోసం చెప్పిన మాట ఇది: “ఇంట్లోనూ అంతేనండీ. కిటికీ మూసుంటే ఆవిడకి ఊపిరాడదు. మా వీధి దోమలకి ఆవిడంటే ప్రాణం.”

ఇటువంటి వ్యక్తిని మనం ఏ పనికి వాడుకోజూశామో తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. నాలుగు తీపి మాటలు రాసి ముగించమని సంచిక బాధ్యులు కోరారు గానీ, ఆమె గురించి రాస్తూ మసిపూసి మారేడుకాయ చేయడం ఆమెకే అవమానం.

విదేశీ విశ్వవిద్యాలయాలు దరఖాస్తుదారుల సేవాభావాన్ని కూడా చూస్తాయని తెలిసిన నాటినుంచి మన పాఠశాలకు హఠాత్తుగా సేవాభావం ముంచుకొచ్చింది. బస్సు డిపో వెనక ఉన్న చిన్న ప్రాథమిక పాఠశాల మన దయకు పాత్రమైంది. ఏటేటా పన్నెండో తరగతి పిల్లలు రంగు డబ్బాలతో, ఫొటోగ్రాఫరుతో సహా వెళ్ళడం, అదే గోడకు మళ్ళీ రంగు వేయడం, తిరిగొచ్చి ‘నిరుపేద బాలల జీవితాల్లో వర్ణాలు నింపే బృహత్కార్యానికి నాయకత్వం వహించాను’ అని దరఖాస్తు వ్యాసం రాయడం ఆనవాయితీ అయింది. తరగతిలో ఉన్నవారందరూ నాయకులే. వారి వెనక నడిచినవారెవరో ఏ వ్యాసంలోనూ ఉండేది కాదు. “ఏ రంగు వేశావురా?” అని ఆమె అడిగితే, “ఫొటో చూసి చెప్తాను మేడమ్” అన్న నాయకుడూ ఉన్నాడు.

ఈ విద్యాసంవత్సరం ఆరంభంలో, పిల్లలకంటే ముందుగా ఆమె ఒక్కరే ఆ బడికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నపు ఉక్కలో పసివాళ్ళు పుస్తకాల అట్టలతో విసురుకుంటూ ఎక్కాలు అప్పజెబుతున్నారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

“రంగులు చాలా బాగున్నాయమ్మా, వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు,” అన్నారు అక్కడి ప్రధానోపాధ్యాయిని. “కిటికీలే తెరుచుకోవట్లేదు.”

“ఎందుకు?”

“పూత మీద పూత పడి రెక్కలు చట్రానికి అతుక్కుపోయాయి. మేం లాగితే పిడి ఊడొచ్చింది. పోయిన వేసవిలో ఇద్దరు పిల్లలు సొమ్మసిల్లి పడిపోయారు కూడా. మీకు చెప్పాలంటే మొహమాటమేసింది. ఇంత ప్రేమగా వచ్చి వేస్తున్నారు కదా!”

ఆ ‘ప్రేమగా’ అన్న మాటకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం కోపం వచ్చింది. పిల్లలకు ఊపిరాడకుండా చేసి, దానికి ధ్రువపత్రాలు కూడా పుచ్చుకున్నామన్నమాట!

ఈ ఏటి బస్సులో రంగు డబ్బాలు ఎక్కలేదు. రంగు గీకే రేకులూ, ఉప్పు కాగితాలూ ఎక్కాయి. కిటికీలు తెరుచుకుంటే తప్ప సేవా ధ్రువపత్రాల మీద మార్గదర్శి సంతకం ఉండదని ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. “గీకుతున్న ఫొటోలు ఏ యూనివర్సిటీకి పంపుతాం మేడమ్?” అని ప్రిన్సిపాల్‌గారు తల పట్టుకున్నారు. ఒక తండ్రిగారు నేరుగా మెట్ల కింది గదికే వచ్చారు.

“మా అబ్బాయి గోడలు గీకడానికా ఇంత ఫీజు కట్టింది?”

“కాదండీ, మనవాళ్ళు పూసింది వదిలించడానికి.”

మన పాఠశాలలో అరవై నిండిన ప్రతి ఉపాధ్యాయునికీ రెండేళ్ళ పొడిగింపు ఇవ్వడం సంప్రదాయం. ఆమెకు ఈ ఏడే అరవై నిండుతున్నాయి. పదకొండో తరగతి పిల్లలకు “మిమ్మల్నందరినీ పంపించాకే నేను వెళ్తాను” అని ఆమె మాట ఇచ్చి ఉన్నారు. ఆ మాట నిలబడాలంటే ఆ పొడిగింపు కావాలి. ఛైర్మన్‌గారు ఆమెను పిలిపించారు.

“దరఖాస్తుల గడువు దగ్గరపడింది. మీరు ఆ సంతకాలు పెట్టేయండి మేడమ్, మీ పొడిగింపు మీద నేనూ పెట్టేస్తాను.”

“కిటికీలు ఇంకా తెరుచుకోలేదండి,” అని ఆమె లేచి వచ్చేశారు.

మొదట సణుక్కున్న పిల్లలే, పసుపు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నీలం, తమ అన్నలూ అక్కలూ వేసిన పూతలన్నీ పొరలు పొరలుగా రాలుతుంటే పోటీపడి గీకసాగారు. గడువుకు ముందే చివరి కిటికీ కిర్రుమంటూ తెరుచుకుంది. గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి, ప్రధానోపాధ్యాయిని బల్లమీది కాగితాలన్నీ ఎగరగొట్టింది. పసివాళ్ళు ఎక్కాలు వదిలేసి వాటి వెంట పరుగెత్తారు. ఆ సాయంత్రమే ఆమె ధ్రువపత్రాలన్నింటి మీదా సంతకం చేశారు. మన విద్యార్థిని ఒకరు ఆ తర్వాత తన వ్యాసంలో ఇలా రాశారు: ‘మా బడి మూసేసిన కిటికీ తెరవడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. నాయకత్వం ఎవరిదో నాకు తెలియదు.’

పొడిగింపు కాగితం మీద మాత్రం సంతకం పడలేదు. ‘పరిపాలనా కారణాలు’ అన్నారు. ఆ కారణమేమిటో ఈ పాఠశాలలో స్వీపరు నుంచి లైబ్రేరియన్ దాకా అందరికీ తెలుసు. పదకొండో తరగతి పిల్లలకు ఆమె ఇచ్చిన మాట ఆమె తప్పలేదు, మనం తప్పించాం. ఇది అన్యాయమని అభినందన వ్యాసంలో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి? పైగా వీడ్కోలు కానుకగా, ఆ బడి గోడకే మళ్ళీ రంగులు వేయించి, దానిమీద ఆమె చిత్రం గీయిస్తామని యాజమాన్యం మొన్న ప్రకటించింది. ఆమె నిండుసభలో వినయంగా లేచి, “ఎందుకండీ?” అన్నారు.

ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో, తన ఇంటి తెరిచిన కిటికీల మధ్య, భర్తగారితోనూ ఆత్మీయులతోనూ నిండు నూరేళ్ళు సుఖశాంతులతో వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాము. యాజమాన్యం ఇవ్వకుండా అట్టేపెట్టుకున్న ఆ రెండేళ్ళు కూడా ఆమె ఆయుష్షులోనే కలవాలి. నూరు కాదు, నూటరెండు.