గింజ పట్టని కాపు

బస్రా దగ్గరి ఆ ఖర్జూరపు తోటలో కాపును ఏటా చెట్టుమీదే కొనే వర్తకుడు, యజమాని పోయిన నలభై రోజులకు వచ్చాడు. ఒక కాయ కొరికి చూసి ఉమ్మేశాడు. యజమాని భార్య తలుపు చాటున నిలబడి ఉంది.

"గింజే లేదు చెల్లెమ్మా. ఈ ఏడు గెలల్లో మగపూత ఎవరు కట్టారు?"

"ఆయనే అన్నా. పూతకాలమంతా పొద్దున్నే మోకు వేసుకుని ఎక్కాడుగా."

"ఆడగెలలో మగపూత కట్టుంటేనే గింజ పడుతుంది, కట్టుంటే ఇలా ఉండదు. ఈ కాయలు గొర్రెలకే."

"ఏడాదంతా నేను తినాల్సింది ఈ తోటమీదే అన్నా."

"తెలుసమ్మా. ఎనిమిదేళ్ళు యుద్ధంలో ఉండొచ్చి కూడా ఒక్క చెట్టునూ మరవని మనిషాయన. ఇంతకీ ఏ చెట్టెక్కేవాడు?"

"రోజూ ఆ కొసనున్న పొడుగుదే. మిగతావి ఏం పాపం చేశాయని దెప్పేదాన్ని."

వర్తకుడు ఆ చెట్టుకేసి చూశాడు.

"దానిమీంచి చూస్తే, సిపాయిలను దింపే సైన్యం బస్సులు ఆగే చోటు కనబడుతుందమ్మా."

తలుపు సందులోంచి ఆమె కూడా చూసింది.

"మా మజీద్ ఆ తర్వాతి యుద్ధంలో కనబడకుండా పోయాడని కబురొచ్చిన రోజే, 'నేను యుద్ధం చూసినవాణ్ణి, కొడుకింక రాడు, ఆశ వదులుకో' అన్నాడు. నేను వదిలేసుకున్నానన్నా."